జేబులో మూడొందల నలభై, భుజాన రైఫిలు

నెలాఖరు. ఇరవై ఏడో తారీఖు. అమీర్‌పేట హాస్టల్ గదిలో మంచం మీద కూర్చుని పర్సు బోర్లిస్తే మూడొందల నలభై రూపాయలు రాలాయి. పక్కనే గోడకి ఆనించి నా ఎయిర్ రైఫిల్. మా రూమ్మేట్ దాన్నీ నన్నూ మార్చి మార్చి చూసి, "అన్నా, నీకు టిఫిన్‌కి డబ్బుల్లేవు గానీ తుపాకీ మాత్రం ఉంది. ఇదేం రాజసం అన్నా?" అన్నాడు.

వాడు సరదాకే అన్నాడు. కానీ ఆ ప్రశ్న నన్ను చాలా రోజులు పీకింది. డబ్బులు సరిగా లేనివాడికి ఖరీదైన హాబీ ఎందుకు? ఉంటే తప్పా? దీని మీద నా అభిప్రాయం చెప్దామనే ఇదంతా. ముందే చెప్తున్నా, నేను ఛాంపియన్ని కాదు. అవ్వను కూడా. వారానికి ఒకట్రెండు సార్లు రేంజ్‌కి వెళ్ళి కాగితానికి చిల్లులు పెట్టొచ్చే మామూలు సాఫ్ట్‌వేర్ వాణ్ణి.

అసలు ఈ పిచ్చి ఎలా మొదలైందంటే, చిన్నప్పుడు మా మేనమామ నన్ను నాంపల్లి నుమాయిష్‌కి తీసుకెళ్ళాడు. జెయింట్ వీల్ ఎక్కమంటే భయపడి ఏడ్చానుగానీ, బెలూన్లు కాల్చే బండి దగ్గర నుంచి మాత్రం కదల్లేదట. ఆ తుపాకీ గొట్టం కాస్త వంకరగా ఉంటుందని, గురి పెట్టిన చోట తగలదని తర్వాతెప్పుడో తెలిసింది. ఇంజినీరింగ్‌లో ఎన్‌సీసీలో చేరాను. నిజం చెప్పాలంటే క్యాంపులో పెట్టే టిఫిన్ కోసమే :) అక్కడ మొదటిసారి పాయింట్ టూ టూ రైఫిల్ చేతికిచ్చి, నేల మీద పడుకోబెట్టి ఐదు రౌండ్లు కాల్పించారు. ఐదింట్లో నాలుగు ఒకే చోట పడ్డాయి. హవల్దార్ గారు నా వంక చూసి "తుక్కా" అన్నారు. గాలివాటం అని. అది గాలివాటం కాదని నిరూపించడానికి నేను ఇప్పటికీ ప్రయత్నిస్తూనే ఉన్నాను. ఉద్యోగంలో చేరాక ఒక కొలీగ్ గచ్చిబౌలి వైపు రేంజ్‌కి తీసుకెళ్ళాడు. అంతే, ఇరుక్కుపోయాను.

రైఫిల్ అనగానే చాలామంది సినిమాలో హీరో సుమోలు పేల్చేసే సీను ఊహించుకుంటారు. అంత సీన్ లేదు. పది మీటర్ల ఎయిర్ రైఫిల్ అంటే మందుగుండు ఉండదు, గాలి ఒత్తిడితో నాలుగున్నర మిల్లీమీటర్ల సీసపు పెల్లెట్ బయటికొస్తుంది. ఎదురుగా 45.5 మిల్లీమీటర్ల వెడల్పున్న టార్గెట్. దాని మధ్యలో పది పాయింట్ల గుర్తు ఎంతుంటుందో తెలుసా? అర మిల్లీమీటరు. పెన్నుతో పెట్టిన చుక్క! టెలిస్కోప్ పెట్టుకోకూడదు, చిన్న కన్నంలోంచి చూడాలి. 75 నిమిషాల్లో 60 షాట్లు. ఒక్కో షాట్‌కి గరిష్ఠంగా 10.9, మొత్తం 654. ఇప్పటిదాకా నా బెస్ట్ 581.4. జాతీయ స్థాయి వాళ్ళు 630 దాటిస్తారు. అదీ నా స్థానం, నవ్వకండి.

ఇంకో అనుమానం లైసెన్స్ గురించి. 2016 ఆయుధ నియమాల ప్రకారం గొట్టం 4.5 మిల్లీమీటర్లకి మించకుండా, శక్తి 20 జౌళ్ళకి మించకుండా ఉన్న ఎయిర్ రైఫిల్‌కి లైసెన్స్ అక్కర్లేదు. అంతకు మించితే కావాలి. లైసెన్స్ అక్కర్లేదు కదా అని బొమ్మ అనుకుంటే మాత్రం పొరపాటు. కంట్లో తగిలితే కన్ను పోతుంది. పావురాల మీద ప్రయోగాలు చేసేవాళ్ళని చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది.

సరే, డబ్బుల సంగతికొద్దాం. నా చేతికొచ్చే జీతం అప్పట్లో 46 వేలు. ఆరేళ్ళ ఎక్స్‌పీరియెన్స్‌కి ఇంతేనా అనకండి, అందరం ప్రోడక్ట్ కంపెనీల్లో ఉండం. ఇంటికి 18 వేలు. చెల్లి పెళ్ళికి తీసుకున్న అప్పుకి ఈఎంఐ పదకొండున్నర వేలు. హాస్టల్ ఏడున్నర వేలు. ఫోను, ప్రయాణం, పైతిండి కలిపి నాలుగు వేలు. మిగిలేది ఐదు వేలు. అందులో రేంజ్ ఫీజు రెండున్నర వేలు, పెల్లెట్లకి ఆరొందలు. ఆఖరికి నా చేతిలో ఉండేది పంతొమ్మిది వందలు. అందులోనే చెప్పులు తెగినా, ఎవరి పెళ్ళికి చదివింపులు రాయించినా.

ఈ లెక్క చూసి "అంత కష్టపడుతూ ఎందుకయ్యా, ఆ మూడు వేల వంద మిగుల్చుకోవచ్చుగా" అనేవాళ్ళున్నారు. వాళ్ళకి నేను ఎదురు ప్రశ్న వేస్తాను. వారానికో సినిమా, పాప్‌కార్న్, శనివారం పంజాగుట్టలో బిర్యానీ, ఆదివారం రెండు బీర్లు.. వీటి లెక్క ఎవరైనా అడుగుతారా? అడగరు. ఎందుకంటే అవి అందరూ చేసేవి. నలుగురూ చేసే ఖర్చు ఖర్చు కాదు, ఒక్కడే చేసే ఖర్చు మాత్రం జల్సా. మన దగ్గర లెక్క ఇదే. రైఫిల్ అనే మాటలోనే ఏదో జమీందారీ వాసన ఉంది కాబట్టి మరీ ఎక్కువ.

అయితే అవతలి వైపు వాదన ఒకటుంది. అది ఇంకా ప్రమాదం. మన హైదరాబాద్‌లో ఎవరు రైఫిల్ పట్టినా ముందుగా చెప్పే కథ గగన్ నారంగ్‌ది. కొడుక్కి రైఫిల్ కొనివ్వడానికి వాళ్ళ అమ్మానాన్నా ఉన్న స్థలం అమ్మేశారని ఎన్నో పత్రికల్లో వచ్చింది. 2012 జూలై 30న లండన్‌లో 701.1 స్కోరుతో కాంస్యం గెలిచాడు. ఆ ఒలింపిక్స్‌లో మన దేశానికి అదే తొలి పతకం. నాకు ఆయనంటే చాలా గౌరవం. తను గెలిచి ఊరుకోకుండా అంతకు ముందు సంవత్సరమే, 2011లో, గన్ ఫర్ గ్లోరీ అకాడమీ కూడా మొదలుపెట్టాడు. మన హైదరాబాద్ కుర్రాడు ధనుష్ శ్రీకాంత్, పుట్టుకతో వినికిడి లేనివాడు, ఆయన శిక్షణలోనే ఎదిగి 2022లో బ్రెజిల్‌లో జరిగిన డెఫ్లింపిక్స్‌లో పది మీటర్ల ఎయిర్ రైఫిల్ బంగారు పతకం తెచ్చాడు. అవన్నీ నిజమే.

కానీ ఆ స్థలం కథని మనవాళ్ళు వాడే పద్ధతే నాకు నచ్చదు. "చూశావా, త్యాగం చేస్తేనే పైకొస్తారు" అని. అదే నారంగ్ 2008లో బీజింగ్‌లో ఫైనల్‌కి కూడా చేరలేకపోయాడు. అక్కడితో ఆగిపోయి ఉంటే ఆ స్థలం కథని మనవాళ్ళు ఎలా చెప్పేవాళ్ళో ఊహించండి. "కొడుకు సరదాకి స్థలం తగలేశారు" అనేవాళ్ళు. 2024 పారిస్‌లో అర్జున్ బబుతా ఇదే ఈవెంట్‌లో నాలుగో స్థానంలో వచ్చాడు. ఎంతమందికి గుర్తుంది? పతకం వస్తేనే త్యాగం, రాకపోతే తగలెయ్యడం. స్థలం అమ్మినవాళ్ళు దేశంలో ఎంతమందో, వాళ్ళలో గెలవనివాళ్ళ కథ మనకి ఎవరూ చెప్పరు. బీజింగ్‌లో బంగారం గెలిచిన అభినవ్ బింద్రాకి ఇంట్లోనే సొంత రేంజ్ ఉండేది. పారిస్‌లో రైఫిల్ త్రీ పొజిషన్స్‌లో కాంస్యం తెచ్చిన స్వప్నిల్ కుసాలేకి అప్పటికి రైల్వేలో టికెట్ కలెక్టర్ ఉద్యోగం ఉండేది. అంటే వెనకాల డబ్బున్న ఇల్లో, ఉద్యోగమిచ్చిన సంస్థో, లేకపోతే అమ్మడానికో స్థలమో, ఏదో ఒకటి ఉండాలి. మూడూ లేని నాలాంటివాడు ఆ కథలు విని ఉద్రేకపడితే ఏమవుతుందో ఇప్పుడు చెప్తాను. ఎందుకంటే నేను పడ్డాను.

రేంజ్‌లో ఒకాయన కొత్త రైఫిల్ కొనుక్కుని పాతది అమ్ముతానన్నాడు. జర్మన్ మ్యాచ్ రైఫిల్. లక్షా ఎనభై వేలు. కొత్తదైతే ఇంకా చాలా ఎక్కువ, కాబట్టి చవకే. ఒకసారి కాల్చి చూడమని ఇచ్చాడు. ట్రిగ్గర్ మీద వేలు పెట్టానో లేదో, వెన్నలా జారింది. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. పొద్దున్నే ఫోన్‌లో "మీకు రెండు లక్షల లోన్ సిద్ధంగా ఉంది" అని మెసేజ్. ఇరవై నాలుగు నెలలు, నెలకి తొమ్మిదిన్నర వేల పైచిలుకు. నాకు మిగిలేది ఐదు వేలు. మరి మిగతాది ఎక్కణ్ణుంచి?

ఇక్కడ సిగ్గు విడిచి చెప్తున్నాను. ఇంటికి పంపే పద్దెనిమిది వేలని కొన్నాళ్ళు తొమ్మిది చేద్దామనుకున్నాను. "కంపెనీలో జీతాలు తగ్గించారు" అని నాన్నకి చెప్పాల్సిన అబద్ధం కూడా మనసులో రెడీ చేసుకున్నాను. నారంగ్ వాళ్ళ నాన్న స్థలం అమ్మాడు కదా, మా నాన్న తొమ్మిది వేలు తగ్గించుకోలేడా అనే దరిద్రపు లాజిక్ ఒకటి. అప్లికేషన్ పెట్టేశాను.

నన్ను ఆపింది నా వివేకం అని రాస్తే బావుండేది. కానీ కాదు. పాన్ కార్డులో నా పేరుకీ బ్యాంకులో నా పేరుకీ ఒక అక్షరం తేడా ఉంది. దానివల్ల లోన్ నాలుగు రోజులు ఆగింది. మూడో రోజు మేనేజర్ మీటింగ్ రూమ్‌లోకి పిలిచి ప్రాజెక్ట్ అయిపోయిందన్నాడు. రెండు నెలలు బెంచ్. ఆ తర్వాత ఏమవుతుందో మనందరికీ తెలుసు కదా. మూడు నెలలు జీతం లేదు. ఆ లోన్ వచ్చి ఉంటే నెలనెలా ఆ తొమ్మిదిన్నర వేలు ఎవడు కట్టేవాడు? మా నాన్నే కట్టేవాడు. ఒక్క అక్షరం కాపాడింది.

రేంజ్ మానేశాను. నా దగ్గర మిగిలింది ఎప్పుడో పదకొండు వేలు పెట్టి కొన్న మన దేశపు స్ప్రింగ్ రైఫిల్ ఒక్కటే. పోటీకి పనికొచ్చేది కాదు. పైగా దీన్ని పెల్లెట్ లేకుండా పేల్చకూడదు, లోపల పిస్టన్ పాడవుతుంది. మరి గదిలో ఏం చెయ్యాలి? హోల్డింగ్ చెయ్యాలి. అంటే స్ప్రింగ్ ఎక్కించకుండా, ఖాళీ రైఫిల్ ఎత్తి చుక్కకి గురిపెట్టి, ముప్పై సెకన్లు కదలకుండా నిలబడి దించెయ్యడం. మళ్ళీ ఎత్తడం. పది మీటర్ల టార్గెట్‌లో నల్ల భాగం వెడల్పు 30.5 మిల్లీమీటర్లు. నా గదిలో నిలబడే చోటు నుంచి గోడకి రెండున్నర మీటర్లు. అంటే చుక్క 7.6 మిల్లీమీటర్లు ఉండాలి. ఇంజినీరింగ్ చదివినందుకు ఇదొక్కటే పనికొచ్చింది. స్కేలు పెట్టి కొలిచి చుక్క గీసి గోడకి అతికించాను. రైఫిల్ ఖాళీగా ఉందో లేదో మూడుసార్లు చూసుకుని, తలుపు గడియ వేసుకుని, రోజూ నలభై నిమిషాలు. ఖర్చు సున్నా. ఒకసారి హాస్టల్ ఓనర్ కిటికీలోంచి చూసి హడలిపోయాడనుకోండి, అది వేరే కథ.

ఆ రోజుల్లోనే ఇంటర్వ్యూలకి పంజాగుట్ట మీదుగా నడుచుకుంటూ పోతూ ఒక నగల షాపు ముందు సెక్యూరిటీ పెద్దాయనతో మాట కలిపాను. మాజీ సైనికుడు. భుజాన డబుల్ బ్యారెల్ తుపాకీ. నా హాబీ గురించి చెప్తే నవ్వి, "రోజుకి పన్నెండు గంటలు తుపాకీ పట్టుకుంటాను బాబూ, పేల్చి ఎన్నేళ్ళయిందో" అన్నాడు. వెళ్ళబోతుంటే ఆపి నా నిలబడే తీరు చూశాడు. "కొట్టాలని చూడకు. కాళ్ళు చూసుకో. కాళ్ళు కుదిరితే చెయ్యి తనే కుదురుతుంది" అన్నాడు. రేంజ్‌లో కోచ్ ఆర్నెల్లుగా చెప్తున్నదీ అదే, కానీ ఫుట్‌పాత్ మీద ఆయన నా చెప్పుల మీద తన బూటు మోపి జరిపి చూపిస్తే అప్పుడు ఎక్కింది.

ఉద్యోగం మళ్ళీ వచ్చింది. జీతం పాతదానికంటే మూడు వేలు తక్కువ. నాలుగు నెలల తర్వాత రేంజ్‌కి వెళ్ళి, అకాడమీ వాళ్ళ పాత రైఫిల్‌తోనే కాల్చాను. అంతకు ముందు నా బెస్ట్ 566. ఆ రోజు 574. నాలుగు నెలల్లో ఒక్క పెల్లెట్ కూడా కాల్చకుండా ఎనిమిది పాయింట్లు పెరిగాయి! అదే లక్షా ఎనభై వేలు పెట్టి కొని ఉంటే నాకు ఎన్ని పాయింట్లు పెరిగేవి? నా కాళ్ళు కుదరనప్పుడు జర్మన్ ట్రిగ్గర్ ఏం చేస్తుంది?

మన ఐటీ వాళ్ళకి ఒక జబ్బుంది. పరిగెడదామనుకుంటే ముందు పదివేల షూస్ కొంటాం. ఫోటోలు తీద్దామనుకుంటే ముందు లెన్స్ కొంటాం. పని మొదలుపెట్టే ముందే సామాన్లు కొనేస్తే సగం పని అయిపోయినట్టు అనిపిస్తుంది. డబ్బున్నవాడికి అది దుబారా, అంతే. డబ్బు లేనివాడికి అది ఉరి. ఎందుకంటే అప్పు చేసి కొన్న వస్తువు చేతిలో ఉంటే ఆట ఆడాలనిపించదు, గిట్టుబాటు చెయ్యాలనిపిస్తుంది. ప్రతి షాట్‌కీ ఈఎంఐ గుర్తొస్తుంది.

కిందటేడాది నాన్న నిమ్స్‌లో చూపించుకోడానికి వచ్చి రెండు రాత్రులు నా గదిలోనే ఉన్నాడు. రైఫిల్ చూడనే చూశాడు.

"ఏంది బిడ్డా ఇది? ఎంతయింది?"

"పదకొండు వేలు నాన్నా. ఎప్పుడో కొన్న."

"గంతేనా? నేను లక్షలనుకున్న." చేతిలోకి తీసుకుని బరువు చూశాడు. "పిట్టల గొడ్తవా?"

"కాదు. కాగితాన్ని."

"కాగితాన్నా?" చాలాసేపు నవ్వాడు. తర్వాత మంచం మీద కూర్చుని మెల్లగా అడిగాడు. "ఎంతసేపు కొడ్తవ్?"

"గంటంబావు."

"గంతసేపు అప్పులు, ఉద్యోగం గవన్నీ యాదికొస్తయా?"

"రావు నాన్నా."

"మరి మంచిదే గదా" అని లైటు ఆర్పమన్నాడు.

ఆ చీకట్లో లోన్ సంగతి చెప్దామని నోటిదాకా వచ్చింది. చెప్పలేకపోయాను. ఆయన పంపే పైసలు సగం చేద్దామనుకున్నవాడికి ఆయన అంత తేలిగ్గా సర్టిఫికెట్ ఇచ్చేస్తే నోరెలా వస్తుంది? ఇప్పటికీ చెప్పలేదు.

కాబట్టి నా అభిప్రాయం ఇదీ. డబ్బుల్లేనప్పుడు హాబీ ఎందుకు అనేవాళ్ళ మాట వినకండి. అప్పులన్నీ తీరాక మొదలుపెడదాం అనుకుంటే నలభై ఐదేళ్ళొస్తాయి, అప్పటికి కళ్ళజోడు వస్తుంది. అలాగని స్థలాలమ్మిన కథలు విని ఆవేశపడకండి. మీకు మిగిలే డబ్బులో ఎంత పడుతుందో అంతే ఆడండి. సొంతది కొనేముందు ఏడాది పాటు అకాడమీ వాళ్ళ రైఫిల్‌తో కాల్చండి. జాకెట్ పాతది దొరికితే పాతదే వేసుకోండి, చెమట కంపు కొడుతుంది, పర్లేదు. కాలేజీలో ఉన్న తమ్ముళ్ళుంటే ఎన్‌సీసీలో చేరమనండి, దేశంలో ఉచితంగా నిజం రైఫిల్ పట్టించే చోటు అదొక్కటే నాకు తెలిసింది. ఈఎంఐ మీద మాత్రం దేన్నీ కొనకండి. ఇంటికి పంపే డబ్బు జోలికి అసలు వెళ్ళకండి. ఒకవేళ వెళ్ళాలనిపిస్తే ఇంట్లోవాళ్ళని అడిగి వెళ్ళండి. నారంగ్ వాళ్ళ ఇంట్లో స్థలం అమ్మింది అమ్మానాన్నలు, తెలిసి, ఇష్టపడి. కొడుకు అబద్ధం చెప్పి లాక్కోలేదు. ఆ తేడా నాకు అర్థం కావడానికి పాన్ కార్డులో ఒక అక్షరం తప్పు కావాల్సొచ్చింది.

అన్నట్టు, ఆ మూడొందల నలభైతో నెలాఖరు దాటేశాను. రూమ్మేట్ రెండు రోజులు టిఫిన్ పెట్టించాడు. బదులుగా వాడికి గోడ మీద చుక్కకి గురిపెట్టడం నేర్పుతున్నాను. పది సెకన్లకే చేతులు వణుకుతున్నాయి వెధవకి. జనవరిలో నుమాయిష్ పెట్టగానే ఇద్దరం వెళ్ళి ఆ వంకర తుపాకీతో బెలూన్లు కాలుద్దామనుకుంటున్నాం. ఓడినవాడు మిర్చీ బజ్జీలు ఇప్పించాలి. వంకర గొట్టం కదా, నేనే ఓడిపోతానేమో.